రుజువయ్యే దాకా పిల్లలు ఎవరి చేతుల్లో?

ఆటల్లో పిల్లలపై లైంగిక వేధింపుల సంగతి ఎప్పుడు బయటికొచ్చినా మన వైపు పెద్దమనుషులు అనే మాట ఒకటే. ‘‘కోర్టులున్నాయి కదండీ. రుజువైతే శిక్ష పడుద్ది. అందాకా మనం నోరు పారేసుకోకూడదు.’’ రాజమండ్రిలో విన్నా, కాకినాడలో విన్నా, భీమవరంలో విన్నా ఇదే మాట. అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. చాలామంది ఆడపిల్లల తండ్రులే. ఒక మనిషి పేరు అన్యాయంగా చెడిపోకూడదన్న మంచి ఉద్దేశం దాని వెనక ఉంది. అందుకే ఆ మాట అంత తేలిగ్గా చెల్లుబాటవుతోంది. అందుకే దాన్ని గట్టిగా ఖండించాల్సి వస్తోంది.

ఈ వాదన ఒక ప్రశ్నకు జవాబు చెబుతూ ఇంకో ప్రశ్నను మింగేస్తుంది. ఈ మనిషిని జైలుకు పంపాలా వద్దా అన్నది కోర్టు తేల్చాల్సింది. రేపు సాయంత్రం ఐదింటికి మళ్లీ ఇతని చేతికే పిల్లల్ని అప్పగించాలా వద్దా అన్నది మనం తేల్చాల్సింది. మనమంటే అకాడమీ నడిపేవాళ్లు, బడి యాజమాన్యం, జిల్లా క్రీడా సంఘం, తల్లిదండ్రులు. మొదటిదానికి సందేహానికి తావులేని రుజువు కావాలి. ఒక మనిషి స్వేచ్ఛ పోతుంది కాబట్టి కావాల్సిందే. రెండోదానికి అంత రుజువు అక్కర్లేదు. స్కూలు బస్సు డ్రైవరు తాగి నడుపుతున్నాడని ఇద్దరు పిల్లలు ఇంటికొచ్చి చెబితే, అతని మీద కేసు తేలే దాకా బస్సు తాళాలు అతని దగ్గరే ఉంచమని ఏ తండ్రీ అనడు. కోచ్ విషయానికి వచ్చేసరికి మాత్రం అదే తండ్రికి సాక్ష్యాధారాల చట్టం గుర్తుకొస్తుంది.

‘అందాకా’ అంటే ఎంత కాలమో ఒకసారి లెక్క చూద్దాం. 1990 ఆగస్టు 12న హరియాణాలోని పంచ్‌కులలో రుచికా గిర్హోత్రా అనే 14 ఏళ్ల టెన్నిస్ క్రీడాకారిణిని రాష్ట్ర లాన్ టెన్నిస్ సంఘం అధ్యక్షుడు ఎస్.పి.ఎస్. రాథోర్ తన ఆఫీసులో లైంగికంగా వేధించాడు. అప్పటికి అతను పోలీసు శాఖలో ఐజీ. స్నేహితురాలు ఆరాధనా ప్రకాశ్ కళ్లారా చూసింది. నెల తిరక్కుండానే రాష్ట్ర డీజీపీ ఆర్.ఆర్. సింగ్ విచారణ జరిపి, కేసు పెట్టాల్సిందేనని నివేదిక ఇచ్చారు. పెట్టలేదు. రుచికను మాత్రం ఆమె చదువుతున్న బడి నుంచి తీసేశారు. ఆమె సోదరుడి మీద వరసగా కార్ల దొంగతనం కేసులు పెట్టారు. కోర్టులో ఒక్కటీ నిలవలేదు. 1993 డిసెంబరులో ఆ పిల్ల విషం తాగి చనిపోయింది. ఎఫ్ఐఆర్ నమోదైంది 1999 డిసెంబరులో. ఈలోగా రాథోర్ డీజీపీ కూడా అయ్యాడు. కోర్టు అతన్ని దోషిగా తేల్చింది 2009 డిసెంబరు 21న. శిక్ష ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా. పై కోర్టు దాన్ని ఏడాదిన్నర చేసింది. 2016లో సుప్రీంకోర్టు నేరాన్ని ఖరారు చేస్తూనే, అప్పటికే జైల్లో గడిపిన రోజులు చాలంది.

నేరం జరిగిన రోజుకూ కోర్టు తేల్చిన రోజుకూ మధ్య 19 ఏళ్లు. ఆ 19 ఏళ్లూ అందరూ రుజువు కోసం ఆగారని అనుకుంటే పొరపాటు. రాథోర్ విషయంలో ఆగారు. రుచిక విషయంలో ఎవరూ ఒక్కరోజు ఆగలేదు. బడి నుంచి తీసేయడానికి రుజువు అడగలేదు, ఆమె సోదరుణ్ని స్టేషన్‌కు లాక్కెళ్లడానికి రుజువు అడగలేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే. ‘ఆగుదాం’ అనేది ఎటూ మొగ్గని మాట కాదు. ఆగినంత కాలం ఒకరికి పదవి సాగుతుంది, ఇంకొకరికి శిక్ష సాగుతుంది. నోరు విప్పిన పిల్లకు శిక్ష పడటానికి ఏ కోర్టూ అక్కర్లేకపోతోంది.

మన దగ్గర ఆ శిక్షకు ఉన్న పేరు ‘మాన్పించేయడం’. గోదావరి జిల్లాల్లో ఆటల్లో ఉన్న ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇది బాగా తెలుసు. పిల్ల ఒకరోజు ప్రాక్టీసుకు వెళ్లనంటుంది. గుచ్చి గుచ్చి అడిగితే తల్లికి సగం చెబుతుంది. తల్లి ఆ సగంలో సగం తండ్రికి చెబుతుంది. ‘‘గొడవెందుకండీ, రేపు పెళ్లి కావాల్సిన పిల్ల. మాన్పించేద్దాం’’ అంటుంది. తండ్రి తలూపుతాడు. మర్నాటి నుంచి బూట్లు అటక మీద. ఊళ్లో అడిగినవాళ్లకు, పదో తరగతి కదా చదువుకోవాలని చెబుతారు. ఆ ఇంటి వరకూ కథ అయిపోయింది. మాస్టారు మాత్రం మర్నాడు సాయంత్రం మామూలుగా విజిల్ వేసుకుని మైదానంలోకి వస్తాడు. ఖాళీ అయిన చోట ఇంకో పిల్ల చేరుతుంది. ఆ పిల్ల తల్లికి ఎవరూ ఏమీ చెప్పరు.

ఈ తల్లిదండ్రుల్ని నిందించడం నా ఉద్దేశం కాదు. వాళ్లకు ఇంకో దారి ఉందని ఎవరూ చూపించలేదు. ‘కోర్టు తేలుస్తుంది’ అని చెప్పే పెద్దమనిషి, ఆ కోర్టు దాకా వెళ్లే పిల్ల పక్కన నిలబడతానని చెప్పడు. ఆయన సలహా ఫలితం చివరికి మాన్పించేయడమే అవుతుంది. అది ఆయనకూ తెలుసు.

ఇదేదో మన వెనకబాటుతనం అనుకునేవాళ్లు ఫిగర్ స్కేటింగ్ చరిత్ర చూడాలి. మంచు గచ్చు మీద ఆడే ఆ ఆట మనకు టీవీలోనే తెలుసు. డబ్బూ, చదువూ, స్వేచ్ఛా ఉన్న దేశాల ఆట. అక్కడా సంఘాలు ఇదే మాట చెప్పాయి. అమెరికాలో రిచర్డ్ కలహన్ పేరున్న కోచ్. 1998 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన టారా లిపిన్‌స్కీకి శిక్షణ ఇచ్చినవాడు. టీనేజీలో తనను లైంగికంగా వాడుకున్నాడని ఆయన పాత శిష్యుడు క్రెయిగ్ మౌరిజీ 1999లో బయటపెట్టాడు. అతనూ అప్పటికి కోచ్‌గా పనిచేస్తున్నవాడే. కలహన్ కాదన్నాడు. ఫిర్యాదు చేయాల్సిన గడువు దాటిపోయిందని స్కేటింగ్ సంఘం దాన్ని కొట్టేసింది. నిజమా అబద్ధమా అని చూడలేదు, తేదీ చూసింది. ఆ తర్వాత ఇంచుమించు 20 ఏళ్లు ఆయన కోచింగ్ చెబుతూనే ఉన్నాడు. ఆటల్లో వేధింపుల మీద విచారణకు ప్రత్యేకంగా సేఫ్‌స్పోర్ట్ అనే సంస్థ వచ్చాక 2018లో సస్పెండ్ చేశారు, 2019 ఆగస్టులో శాశ్వతంగా నిషేధించారు. అప్పీలులో మధ్యవర్తి దాన్ని మూడేళ్ల సస్పెన్షన్‌కు కుదించాడు.

ఫ్రాన్స్ కథ ఇంకా కళ్లు తెరిపించేది. సారా అబిత్‌బోల్ జంట స్కేటింగ్‌లో ప్రపంచ స్థాయి పతకం తెచ్చిన క్రీడాకారిణి. తనకు 15 ఏళ్లప్పటి నుంచి కోచ్ జిల్ బేయే అత్యాచారం చేశాడని 2020 జనవరిలో పుస్తకం రాసి చెప్పింది. బేయే తన ప్రవర్తన తగనిదని ఒప్పుకుని క్షమాపణ కోరాడు. నన్ను ఆలోచింపజేసింది ఆ ఒప్పుకోలు కాదు. అంతకు 20 ఏళ్ల ముందే ఆ దేశ క్రీడాశాఖ అతని మీద విచారణ జరిపింది, ప్రభుత్వ ఉద్యోగం నుంచి తప్పించింది కూడా. క్లబ్బులో మాత్రం అతను కొనసాగాడు, సమాఖ్య అతన్ని జట్టు వెంట అధికారిగానూ పంపింది. కోర్టు దోషి అనలేదు కదా అన్నదే అక్కడి ధీమా. చివరికి 2020 ఫిబ్రవరిలో సమాఖ్య అధ్యక్షుడు డిడియే గయాగే రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆయన మీద అత్యాచారం ఆరోపణ లేదు. తెలిసీ చూడనట్టు ఊరుకున్నారన్నదే ఆరోపణ. అదే ఏడాది ఆగస్టుకల్లా ప్రభుత్వ విచారణలో ఆ ఒక్క సమాఖ్య పరిధిలోనే 20 మందికి పైగా కోచ్‌ల పేర్లు బయటపడ్డాయి. ఒక్క చెడ్డమనిషి వల్ల ఆట మొత్తానికి చెడ్డపేరు తేవద్దని అన్నవాళ్లకు అంతకన్నా జవాబు అక్కర్లేదు. ఒక్కడు ఎప్పుడూ ఒక్కడుగా ఉండడు. ఒకణ్ని ఉండనిచ్చిన చోటు ఇంకొకడికీ భరోసా ఇస్తుంది.

మళ్లీ మన గడ్డ మీదికి వద్దాం. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2022లో థామస్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు, 2023 ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి స్వర్ణం తెచ్చాడు. అలాంటి పేర్లు విని తల్లిదండ్రులు పిల్లల్ని మైదానాలకు తెస్తున్నారు. తేవాల్సిందే. షటిల్, కబడ్డీ, వెయిట్‌లిఫ్టింగ్, రోలర్ స్కేటింగ్, ఏదైనా సరే. ఆ మైదానంలో పిల్లకూ మాస్టారికీ మధ్య ఉండేది ఎలాంటి అధికారమో మాత్రం అర్థం చేసుకోవాలి.

స్కేటింగ్ నేర్పే చోటికే వెళ్లి చూడండి. సాయంత్రం ఐదున్నర. సిమెంటు గచ్చు ఇంకా వేడి చల్లారదు. ఆరేడేళ్ల పిల్లలు గట్టు మీద వరసగా కూర్చుంటారు. మాస్టారు ఒక్కొక్కరి ముందు గొంతుక్కూర్చుని బూటు లేసులు బిగిస్తాడు, మోకాళ్లకు ప్యాడ్లు కడతాడు, గడ్డం కింద హెల్మెట్ పట్టీ పెడతాడు. గచ్చు మీదికి దిగాక వెనక నుంచి నడుం పట్టుకుని ముందుకు వంచుతాడు, పడబోతే రెక్క పట్టుకుని లేపుతాడు. తాకకుండా ఈ ఆట నేర్పలేరు. ‘‘తాకితేనే కేసంటే ఇంక కోచింగ్ ఎవరు చెబుతారండీ?’’ అని అడిగేవాళ్ల ధైర్యమంతా ఇక్కడే ఉంది. కానీ ఆ గట్టు మీద ఓ పది నిమిషాలు కూర్చున్నవాళ్లకు తేడా తెలిసిపోతుంది. నేర్పడానికి తాకే చేయి అందరి ఎదుటా తాకుతుంది, ‘మోకాలు వంచమ్మా, నడుం పట్టుకుంటున్నాను’ అని చెప్పి తాకుతుంది, నిలదొక్కుకోగానే వదిలేస్తుంది. ఆరేళ్ల పిల్లకు కూడా ఆ తేడా తెలుసు. ఆ తేడా చెప్పడానికి మాటలు ఉండవు, అంతే. మాటలు దొరికేసరికి కొందరికి ఇరవై ఏళ్లు పడుతుంది. ‘‘ఇన్నాళ్లూ ఏం చేసింది?’’ అని అడిగేవాళ్లు ఇది ఆలోచించాలి.

ఆ పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మాస్టారి చేతిలోకి ఇంకా చాలా వస్తాయి. సెలక్షన్ జాబితాలో పేరు, రాష్ట్ర పోటీలకు వెళ్లేటప్పుడు రైల్లో ఎవరికి ఏ బెర్తు, దిగాక ఎవరికి ఏ గది, తిరిగొచ్చాక సర్టిఫికెట్టు మీద సంతకం. ప్రభుత్వోద్యోగాల్లో క్రీడా కోటాను మన రాష్ట్రం 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. మంచి నిర్ణయమే. దానివల్ల ఆ సంతకం విలువా పెరిగింది. ఉద్యోగం వస్తుందన్న ఆశతో పొలం పని మానుకుని కూతుర్ని పోటీలకు తిప్పే తండ్రి, ఆ సంతకం పెట్టే మనిషి మీద ఫిర్యాదు రాయగలడా? 2016 రియోలో ఒలింపిక్ పతకం తెచ్చిన సాక్షి మలిక్ లాంటివాళ్లే 2023 జనవరి 18న ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. రెజ్లింగ్ సమాఖ్య అప్పటి అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఎఫ్ఐఆర్ నమోదయ్యేసరికి ఏప్రిల్ 28 వచ్చింది, అదీ సుప్రీంకోర్టు గడప తొక్కాక. ఆయన ఆరోపణల్ని కాదంటున్నారు. మైనర్ ఫిర్యాదు మీద పెట్టిన కేసును ఢిల్లీ కోర్టు 2025 మేలో మూసేసింది. మిగిలిన మహిళల కేసులో 2024లోనే అభియోగాలు ఖరారయ్యాయి. తీర్పు ఏదైనా కానివ్వండి. దేశం మొత్తం గుర్తుపట్టే మల్లయోధులకే ఒక ఎఫ్ఐఆర్‌కు మూడు నెలలు పట్టిందంటే, రావులపాలెం నుంచి బస్సెక్కి ప్రాక్టీసుకు వచ్చే పిల్ల గతేమిటి?

స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కేంద్రాల్లో 2010 నుంచి పదేళ్లలో నమోదైన లైంగిక వేధింపుల ఫిర్యాదులు 45. అందులో 29 కోచ్‌ల మీదే. ఈ లెక్క సమాచార హక్కు కింద అడిగితే 2020లో బయటికొచ్చింది. దేశమంతటా అన్ని కేంద్రాల్లో కలిపి 45 అంటే సంతోషించాల్సిన అంకె కాదు. ఎంతమంది మానేసి ఇంటికెళ్లిపోతే ఇంత తక్కువ తేలుతుందో ఆలోచించాల్సిన అంకె.

మన కాకినాడ సంగతే చూడండి. 2025 జూలైలో రంగరాయ మెడికల్ కాలేజీ పారామెడికల్ విద్యార్థినులు ల్యాబ్ సిబ్బంది తమను లైంగికంగా వేధిస్తున్నారని ఫిర్యాదు చేశారు. కొద్దిమంది నోరు విప్పారు. కాలేజీ కమిటీ కూర్చుని అడిగేసరికి దాదాపు 50 మంది తమకూ జరిగిందన్నారు. నలుగురిని సస్పెండ్ చేశారు, అరెస్టు చేశారు. ఇది ఆటల కేసు కాదు, కానీ ఆటలవాళ్లు నేర్చుకోవాల్సింది ఇందులో ఉంది. అడిగే మనుషులు కూర్చోగానే ఆ మాటలు బయటికి వచ్చాయి. ఏ కోర్టూ తీర్పు చెప్పక ముందే, ఆ నలుగురూ ఆ ల్యాబ్‌లో అడుగుపెట్టకుండా చేయడం సాధ్యమైంది. ఎవరి హక్కూ భంగం కాలేదు. వాళ్ల వాదన వినిపించుకోవడానికి కోర్టు ఉంది.

2009లో మహిళా క్రికెటర్లు ఆంధ్రా క్రికెట్ సంఘం కార్యదర్శి మీద ఆరోపణలు చేసినప్పుడు, ఆయన కాదంటున్నా సంఘం ఆయన్ని పదవి నుంచి తప్పించింది. 2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు హకీంపేట క్రీడా పాఠశాలలో ఆరోపణలొస్తే ఒక అధికారిని సస్పెండ్ చేసి విచారణకు ఆదేశించారు. పిల్లలకు దూరంగా ఉంచడమంటే దోషి అని ముద్ర వేయడం కాదు. బ్యాంకులో లెక్క తేడా వస్తే విచారణ ముగిసే దాకా క్యాషియర్ని కౌంటర్ నుంచి పక్కకు కూర్చోబెడతారు. దాన్ని ఎవరూ అన్యాయం అనరు.

‘‘మరి దొంగ ఫిర్యాదు అయితే?’’ ఇది నిజంగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న. మన పట్నాల్లో అకాడమీల మధ్య పోటీ ఉంది. పక్క అకాడమీ పిల్లల్ని లాక్కోవడానికి పుకారు పుట్టించే మనుషులూ ఉంటారు, కాదనను. కానీ నిర్దోషి కోచ్‌ను ఎక్కువగా దెబ్బతీసేది ఏది? టీ కొట్టు దగ్గర గుసగుసలా, కాగితం మీద విచారణా? విచారణ లేని చోట పుకారు చావదు. అతని పేరు శుభ్రంగా బయటపడే దారే ఉండదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం విచారణను 90 రోజుల్లో ముగించమంటుంది. ఫిర్యాదు చేసిన మహిళ రాతపూర్వకంగా కోరితే ఆలోగా ఆమెకు రక్షణ ఏర్పాట్లు చేయమంటుంది. కావాలని అబద్ధం చెబితే చర్య తీసుకోవచ్చంటుంది. రుజువు చేయలేకపోవడాన్ని మాత్రం అబద్ధంగా లెక్కించవద్దంటుంది. ఇంత తూకంగా రాసిన ఏర్పాటు చేతిలో ఉండగా, కోచ్‌ల పరువు గురించి బెంగపడేవాళ్లు దాన్ని అమలు చేయమని ఎందుకు అడగరు? ఆ చట్టం స్టేడియాలనూ, శిక్షణ కేంద్రాలనూ, పోటీలు జరిగే చోట్లనూ పేరు పెట్టి చెప్పింది. ఉద్యోగం చేసే మహిళే కానక్కర్లేదు, ఏ వయసు ఆడపిల్లయినా దాని కింద ఫిర్యాదు చేయవచ్చు. పదిమంది ఉద్యోగులు లేని చిన్న అకాడమీ అయినా, యజమాని మీదే ఫిర్యాదైనా, జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. తూర్పుగోదావరి, కాకినాడ, కోనసీమ, పశ్చిమగోదావరి, ఏలూరు, ఈ ఐదు జిల్లాల్లోనూ ఉండాలి. మీ జిల్లా కమిటీ అధ్యక్షురాలి పేరు మీ పిల్ల వెళ్లే మైదానంలో ఎక్కడైనా గోడ మీద కనిపించిందా?

పిల్ల వయసు 18 లోపయితే ఇక ఆగే స్వేచ్ఛ ఎవరికీ లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని తెలిసినవాళ్లే కాదు, జరగబోతోందన్న అనుమానం ఉన్నవాళ్లు కూడా పోలీసులకు చెప్పాలి. జరిగిందని తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడి సంగతి తెలిసీ చెప్పని సంస్థ అధిపతికి ఏడాది దాకా. ‘రుజువైతే చూద్దాం’ అని తలుపులు మూసి సర్దుబాటు చేసే హెడ్మాస్టరూ, సంఘం కార్యదర్శీ, ఊరి పెద్దా చేస్తున్నది పెద్దరికం కాదు, నేరం. డబ్బు పుచ్చుకుని రాజీ పడ్డా కేసు పోదు. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి మీద పెట్టిన కేసును పిల్ల తండ్రి రాజీ పడ్డాడని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది. ఇంకో మాట. స్టేషన్‌కు వెళ్లాల్సి వస్తుందని భయపడే తల్లులు తెలుసుకోవాలి. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. తీసుకునేది వీలైనంత వరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా. పిల్ల పేరు పత్రికలు రాయకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే ఏ వేళైనా మనిషి పలుకుతారు.

ఈ చట్టం మగపిల్లలకూ వర్తిస్తుంది. ఇది ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. అమెరికాలో కలహన్ మీద నోరు విప్పినవాడు మగవాడు. మన దగ్గర ఆడపిల్ల తల్లి కనీసం భయపడుతుంది, కనిపెట్టుకుని ఉంటుంది. మగపిల్లాడికేం అవుతుందిలే అని పోటీలకు ఒంటరిగా పంపేస్తాం. వాడు ఏడుస్తూ తిరిగొస్తే మ్యాచ్ ఓడిపోయాడనుకుంటాం.

నిందితుడు చనిపోతే ఏం చేయాలన్న ప్రశ్న మన జిల్లాల్లోనే వచ్చింది. 2025 అక్టోబరులో తుని దగ్గర గురుకుల విద్యార్థినిని, 13 ఏళ్ల పిల్లను, తాతనని చెప్పి ఒక పెద్దమనిషి హాస్టల్ నుంచి బయటికి తీసుకెళ్లాడు. మామిడి తోటలో పట్టుబడ్డాడు. అరెస్టయ్యాడు. కోర్టుకు తీసుకెళ్తుండగా చెరువులో దూకి చనిపోయాడు. మర్నాటికి చాలామందికి కేసు అయిపోయింది. 2019 జనవరిలో అమెరికాలో స్కేటర్ జాన్ కఫ్లిన్ విచారణ మధ్యలో సస్పెండై, మర్నాడే ఆత్మహత్య చేసుకున్నప్పుడు సేఫ్‌స్పోర్ట్ కూడా ఆ ఫైలు ముందుకు కదలదని ప్రకటించింది. ఆ తర్వాత కొన్ని నెలలకు అతని పాత జోడీ బ్రిడ్జెట్ నమియోట్కా, అతను తనను రెండేళ్లు లైంగికంగా హింసించాడని చెప్పింది. ఆమె మాట వినడానికి విచారణ లేకుండా పోయింది, చెప్పినందుకు తిట్లు మాత్రం పడ్డాయి. 2022లో ఆమె కూడా చనిపోయింది.

నిందితుడు పోతే నేర విచారణ ఆగుతుంది, సరే. జవాబుదారీ ఆగకూడదు. తునిలో చెరువులో మునిగినవాడు ఇక ఏ ప్రశ్నకూ జవాబివ్వడు. గురుకులం గేటు దగ్గర ఆ రోజు ఎవరున్నారు, ఏ రిజిస్టర్లో ఏం రాసి పిల్లను పంపారు, తాతనని ఎవరైనా వచ్చి చెబితే సరిపోతుందా, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేశారా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాల్సినవాళ్లు బతికే ఉన్నారు. ఆ ప్రశ్నలు వదిలేస్తే మనకు కావాల్సింది పిల్లల రక్షణ కాదు, ఒక మనిషి మీద కోపం తీర్చుకోవడమేనని తేలిపోతుంది. రుజువు దాకా ఆగుదామన్నవాళ్లూ, మనిషి పోయాడు కదా ఇంకెందుకన్నవాళ్లూ చివరికి ఒకే చోటికి చేరుతున్నారు. సంస్థను ఎవరూ ఏమీ అడగకూడదన్నదే ఆ చోటు.

అడగాల్సినవి పెద్ద విషయాలేమీ కావు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం మహిళా, మైనర్ క్రీడాకారుల రక్షణకు విధానం ఉండాలంటుంది. అది ఢిల్లీలోని సమాఖ్యల నుంచి మన మున్సిపల్ పార్కు దాకా దిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో అని కూర్చోనక్కర్లేదు. ప్రతి మేలోనూ జిల్లాల్లో వేసవి శిక్షణ శిబిరాలు మొదలవుతాయి. అనుమతి ఇచ్చేదీ, మైదానం ఇచ్చేదీ అధికారులే. ఆ అనుమతి కాగితం మీదే షరతులు రాయవచ్చు. పిల్లతో ఒంటరిగా గది తలుపు వేసుకోకూడదు. వేరే ఊరు వెళ్లే జట్టులో ఆడపిల్లలుంటే వెంట మహిళా మేనేజరు ఉండాలి, కోచ్ గది వేరుగా ఉండాలి. రాత్రిపూట పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెట్టాలి. సెలక్షన్ మీదా సర్టిఫికెట్టు మీదా ఒక్కరి సంతకం చెల్లకూడదు. ఫిర్యాదు వస్తే ఆ రోజు నుంచే కోచ్‌ను మైదానానికి దూరంగా ఉంచాలి, విచారణలో తప్పు లేదని తేలితే ఆ మాట కూడా అందరి ముందూ రాతపూర్వకంగా చెప్పాలి. ఫిర్యాదు చేసిన పిల్ల ప్రాక్టీసు ఒక్కరోజు కూడా ఆగకూడదు. మానాల్సింది పిల్ల కాదు.

ఇవన్నీ రాసి, కింద స్థానిక కమిటీ పేర్లూ ఫోన్ నంబర్లూ, 1098 నంబరూ వేసి, పిల్లలు బూట్లు కట్టుకునే గట్టు ఎదురుగా తెలుగులో పెద్దక్షరాల బోర్డు పెట్టమని అడగండి. ఫీజు రసీదు రాసే టేబుల్ దగ్గరే అడగండి. బోర్డు ఎందుకండీ, మా మాస్టారు దేవుడు అంటారు. అయితే ఆ దేవుడి సంతకమే ఆ షరతుల కింద పెట్టమనండి. పెట్టని చోట ఈ మే నెల ఫీజు కట్టకండి.